పట్టుకునే బాధ్యత

పేటవాసుల సౌకర్యార్థం నడుస్తున్న ఆధునిక నృత్యశాల, వార్షికోత్సవానికి పాత్రలు కేటాయించింది. వెనక్కి వాలి పడిపోయే పాత్ర ఒకే ఇంటి కోడళ్లలో చిన్నకోడలికీ, ఆమెను నేలకు తగలకుండా పట్టుకునే బాధ్యత పెద్దకోడలికీ దక్కాయి. రిహార్సల్లో చప్పట్లన్నీ పడినవారి ఖాతాలోనే జమయ్యాయి.

పెద్దకోడలికి కడుపు మండింది. తనకు రానందుకు కాదు, తోడికోడలికి వచ్చినందుకు.

"పడటం కూడా ఒక గొప్పేనా మేడమ్? బియ్యం బస్తా కూడా పడుతుంది," అని ఆమె టీచరుకు విన్నవించుకుంది.

"అయితే ఉత్సవంలో మీరే పడండి," అంది టీచరు.

స్థానాలు మారాయి. చిన్నకోడలు వెనక నిలబడి చేతులు చాచింది.

"కళ్లు మూసుకుని వాలిపో అక్కా, నేను లేనూ? రోజూ నీ చేతుల్లోకి నేనలాగే కదా పడ్డాను!"

పెద్దకోడలు కళ్లు మూసింది, తెరిచింది, వెనక్కి చూసింది. ఎన్నిసార్లు వాలబోయినా కాలు వెనక్కి వేసి నిలదొక్కుకుంది.

"ఏమ్మా, ఆవిడ మీద నమ్మకం లేదా?" అని టీచరు విసుక్కుంది.

పెద్దకోడలు మళ్లీ వెనక్కి తిరిగి, చాచి ఉన్న ఆ చేతుల వంకే చూసింది. పట్టుకునే స్థానంలో నిలబడ్డ మనిషికి ఆఖరి క్షణంలో చేతులు తీసేయాలని ఎంత బలంగా అనిపిస్తుందో, ఆ నృత్యశాల మొత్తంలో అనుభవపూర్వకంగా తెలిసినది ఆమెకొక్కదానికే.