మరిది అడిగిన అయిదు స్టార్లు

జూన్ పధ్నాలుగు. దుప్పట్లు ఉతికాను, బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను, వంటగది అరలు తుడిచాను. మరిది హోటలు గురించి రాయడం ఒక్కటే మిగిలింది.

మా వీధిలో ఎవరు బయట తినాలన్నా ముందు ఫోన్‌లో నా అభిప్రాయం చూస్తారు. అందుకే తన హోటలు గురించి రాయమని మరిది వెంటపడ్డాడు. నా నడుము ఆపరేషనప్పుడు నెల రోజులు ఇంటిల్లిపాదికీ క్యారియర్ పంపినవాడు. కాదనలేక మధ్యాహ్నం వెళ్లాను.

చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళితే వంటగది తలుపు తీసి ఉంది. బల్లల మీంచి వచ్చిన ఎంగిలి గిన్నెల్లోని కూరను వంటవాడు గరిటెతో గీకి, పొయ్యి మీది కూరలో కలుపుతున్నాడు. ఒక గిన్నెలో ఎవరో నమిలి ఉమ్మిన ఎముక ఉంది. దాన్ని మాత్రం వేలితో ఏరి పారేశాడు.

"ఇదేం పనయ్యా?" అని మరిదిని నిలదీశాను.

"మెల్లగా వదినా, జనం వింటారు! అంతా పారేస్తూ పోతే హోటలు నడుస్తుందా? అయిదు స్టార్లు ఇచ్చెయ్. నా క్యారియర్లు మరిచిపోయావా?"

"వాటిలోనూ ఇదేనా?"

మరిది నవ్వాడు. "తినే కదా లేచి తిరుగుతున్నావు! ఊళ్లో ప్రతి హోటలుకీ వంకలు పెడతావు, నా కూరకి ఒక్క పూటైనా పెట్టావా?"

ఇంటికొచ్చి నోరు పుక్కిలించాను. ఒక్క స్టారు ఇచ్చి, చూసింది చూసినట్టు రాశాను.

ఆ నెల రోజుల తిండి రుణం ఇవాళ్టితో చెల్లు.