ప్రార్థన అంశం

“ఇక నీదే మిగిలింది మార్తమ్మా, నీ ప్రార్థన అంశం చెప్పు” అంది కరుణ పిన్ని, తలమీద కొంగు సర్దుకుంటూ.

చీరాల నుంచి బెంగళూరు చూడ్డానికొచ్చి మార్త ఇంట్లో దిగినా, పిన్నీ బాబాయీ సాయంత్రం కుటుంబ ప్రార్థన మానలేదు. బాబాయి తన మోకాళ్ల నొప్పి చెప్పుకున్నాడు. మార్తకు మొన్న రొమ్ములో గడ్డ నుంచి పరీక్షకు ముక్క తీసిన చోట ఇంకా సలుపుతోంది. రిపోర్టు రేపు వస్తుంది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

“ప్రమోషన్ పిన్నీ” అంది.

పిన్ని ఆమె తలమీద చెయ్యి పెట్టింది. “ప్రభువా, ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉంటోంది బిడ్డ. దానికి ఆ ప్రమోషన్ ఇప్పించు తండ్రీ” అంటూ గొంతు బొంగురుపోయేదాకా ఏడుస్తూ వేడుకుంది. మార్త కోసం ఇంతగా ఏడ్చినవాళ్లు ఈ బెంగళూరులో లేరు. ఆ కన్నీళ్లన్నీ అక్కర్లేని ప్రమోషన్ పాలవుతున్నాయి.

“ఆమెన్” అన్నాడు బాబాయి.

పిన్ని చెయ్యి తియ్యలేదు. “నువ్వూ అను తల్లీ. అడిగినవాళ్లు ఆమెన్ అంటేనే గదా ప్రార్థన ముగిసేది.”

మార్త కళ్లు తెరవకుండానే ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

“అప్పుడే ముగించకు పిన్నీ. అడగాల్సింది నేనింకా అడగలేదు.”