అలమరలో చింతపండు

ఆ రోజుల్లో ఏ ఇంట చూసినా వస్తువులు సేకరించే పని మాట్లాడే యంత్రపు అలమరలదే. వామనరావు అలమర పాత వీడియో గేమ్ క్యాసెట్లను తనే వెతికి, తనే కొని, తనే సర్దుకునేది. ఆఖరి క్యాసెట్ రాగానే తలుపు బిగించుకుంది.

"సేకరణ సంపూర్ణం. అభినందనలు!"

"ఆ ట్యాంకుల ఆట ఒక్కసారి ఇవ్వవే, ఆడుకుని ఇచ్చేస్తా," అని బతిమాలాడు వామనరావు.

"ఆడితే అరుగుతుంది. శుక్రవారం దుమ్ము దులపడానికి తప్ప తలుపు తీయను."

మొహం వేలాడేసుకుని అతను వంటింట్లోకి వెళ్ళేసరికి, భార్య హైమవతి పోపుల డబ్బాలోంచి పసుపుపచ్చ క్యాసెట్ తీసి, చిన్నప్పటిలాగే ఉఫ్‌మని ఊది, పాత గేమ్ పెట్టెలో దూర్చింది. గోడ మీది తెరపై ట్యాంకులు కదిలాయి.

"ఇది నీకెలా వచ్చిందే?"

"పోయిన శుక్రవారం దులిపింది నేనేగా! ఖాళీ క్యాసెట్ డొల్లలో చింతపండు కూరి, పైన బొమ్మ అంటించి, దీని చోట పెట్టేశా. మీ అలమరకి ఆటతో పనేంటండీ, బరువు సరిపోతే చాలు."

హాల్లో అలమర గర్వంగా దీపాలు వెలిగించుకుంటోంది. పెళ్ళయ్యాక ఒక్కనాడూ చీపురు ముట్టని వామనరావు రెండో రిమోట్ అందుకుని, గొంతు తగ్గించాడు.

"ఈ శుక్రవారం దులపడం నాకొదిలెయ్. ఇంట్లో చింతపండు ఉందా?"