పిన్నీసుల డబ్బా

"అత్తయ్యా, గాజులు కాదు! పిన్నీసులు! పిన్నీసులు తియ్యండి!"

కోడలు చెవి దగ్గర నోరుపెట్టి అరిచింది. అత్తగారు "ఆఁ?" అని, కాసేపటికి అర్థమైనట్టు తల ఊపి, గాజులకు వేలాడుతున్న పిన్నీసుల గుత్తి విప్పి ప్లాస్టిక్ డబ్బాలో వేసింది. తాళాలు, వాచీ, తలపిన్నులు అప్పటికే అందులో చేరాయి. ఆవిడ ఒంటిమీద ఓ చిన్న ఇనుప కొట్టే ఉంది.

అత్తగారు డబ్బాని దూరంగా పెట్టి, డ్రోన్‌ని రెండు చేతులతో చెవుల ఎత్తుకి ఎత్తి పట్టుకుని, ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. కోడలి చేతిలోని రిమోట్ మీద మళ్ళీ ఎర్ర లైటే. ఇలా తిప్పినప్పుడు దగ్గర్లో ఇనుమో అయస్కాంతమో ఉంటే డ్రోన్‌లోని దిక్సూచి కుదురుకోదు; అది కుదురుకుని పచ్చ లైటు వెలిగితే గాని డ్రోన్ గాల్లోకి లేవదు.

వంతెన పగుళ్ళని పైనుంచి ఫొటోలు తియ్యాలి. కోడలికి ఇదే మొదటి కాంట్రాక్టు. మధ్యాహ్నంలోగా ఎగరకపోతే వేరేవాళ్ళని పిలుస్తానని ఇంజనీరు మొహం మీదే చెప్పేశాడు. కోడలు తనే డ్రోన్‌ని తిప్పుకుందామంటే మణికట్టు బెణికి కట్టులో ఉంది. వంతెన ఇనుముకి దూరంగా మైదానం మధ్యకి వచ్చినా అదే తంతు.

అత్తగారికి చెవుడు. కోడలు ఏరికోరి కొన్న చెవి మిషన్‌ని "గుయ్‌మంటోంది, నాకొద్దు" అని ఎప్పుడో బీరువాలో పడేసింది. అప్పట్నుంచి ఆవిడ ముందు ఏం మాట్లాడినా చెవిటివాడి ముందు శంఖమే. కూరలో ఉప్పెక్కువవుతోందని ఓ రోజు కోడలు ఆవిడ పక్కనే కూర్చుని మొగుడితో విసుక్కుంది. మర్నాటి నుంచి ఎందుకో ఉప్పు తగ్గింది.

కోడలు అటు తిరిగి భర్తకి ఫోన్ చేసింది.

"మీ అమ్మ పట్టుకుంటే చాలు, ఎర్ర లైటు."

"మోకాల్లో వేసిన ప్లేటేమో?"

"అది అయస్కాంతానికి అంటుకునే రకం కాదని డాక్టరు చెప్పాడుగా. ఒంటిమీద ఇంకేదో ఉంది. బుల్లి స్పీకరున్నదేదైనా చాలు, అందులో అయస్కాంతం ఉంటుంది."

"పోనీ, ఇంకెవరినైనా పిలువు."

"ఎవరొస్తారు? ఆడదానికి డ్రోనేమిటని అందరూ నవ్వినప్పుడు నా వెనక నిలబడింది ఆవిడొక్కతే. నన్ను కన్నతల్లి కూడా ఇంత నమ్మలేదు. ఈ పని పోతే, తన వల్లే పోయిందని నాకంటే ముందు ఆవిడ కుంగిపోతుంది."

"ఈ మాట అమ్మతో ఎప్పుడైనా అన్నావా?"

"అరిచి చెప్పే మాటా అది?"

కోడలు ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు కళ్ళు ఒత్తుకుంటోంది. పాపం, ఎండ పడట్లేదనుకుంది.

"ఒక్కసారి మళ్ళీ తిప్పుతానే," అంది ఆవిడ. డబ్బా దాకా వెళ్ళి, రేగిన జుట్టు సర్దుకుని వచ్చి, డ్రోన్‌ని ఎత్తింది.

పచ్చ లైటు!

"అత్తయ్యా! కుదిరింది! ఏం తీశారు?"

ఆవిడ పలకలేదు. ఎదురుగా వెళ్ళి రిమోట్ చూపిస్తే గాని తెలియలేదు. తెలిశాక ముఖం చేటంతైంది.

డ్రోన్ రొద చేస్తూ వంతెన వైపు లేచింది. ఫొటోలన్నీ బాగా వచ్చాయి. ఇంజనీరు తల పంకించి, వచ్చే నెల ఇంకో వంతెన ఉందన్నాడు. కోడలు ఎగిరి గంతేసినంత పనిచేసి, అత్తగారి వస్తువులు ఇచ్చేద్దామని డబ్బా మూత తీసింది.

పిన్నీసుల మధ్య చెవి మిషన్ ఉంది.