పటంలో ఒంటి గుండుసూది

“అడవి తనంతట తాను కాలదు గోపాలరావుగారూ. కాల్చినోడు ఒకడుంటడు. వాడెవడో చెప్పుండ్రి,” అన్నాడు వామన్‌రావు, గోడమీది పటం ముందు నిలబడి.

నాంపల్లిలో అటవీ శాఖ ఆఫీసది. పటం నిండా ఎర్ర తలల గుండుసూదులు. ఈ ఎండాకాలం మంట లేచిన చోటల్లా ఒకటి. వాటిని గుచ్చింది రేంజరు గోపాలరావే. ఇప్పుడు వాటితోనే పైఅధికారి అతన్ని పొడుస్తున్నాడు.

“గిట్ల చూడుండ్రి. బస్సు రోడ్డు పొంటి పదకొండు. బీడీలు తాగి పారేసిన్రు. ఇప్పచెట్ల కింద తొమ్మిది. పువ్వు ఏరుకోనీకి కింది ఆకులు కాల్చిన్రు. బీడీల తునికాకు కోసే కాడ ఆరు. కొత్త చిగురు రావాలని అగ్గివెట్టిన్రు. మనిషి కాలు పడ్డ కాడనే మంట లేస్తదని రిపోర్టు రాసింది మీరే. మరి గీ అవ్వగుట్ట సంగతేంది? తొవ్వ లేదు, ఇప్ప లేదు, తునికి లేదు. గాడికి ఎవడు పోయిండు?”

చుట్టూ ఖాళీగా ఉన్నచోట ఆ ఒక్క సూదీ మొండిగా నిలబడి ఉంది. మంగళవారం నాటి మంట అది.

“తెలీదండి,” అన్నాడు గోపాలరావు.

“తెల్వదంటే పైన ఒప్పుకుంటరా? ఇయ్యాల సాయంత్రం బస్సుకే పోయి వాణ్ణి పట్టుండ్రి.”

“సార్, మావాడికి తొమ్మిది రోజులుగా స్పృహ లేదు. మెదడువాపు జ్వరం అన్నారు. వాణ్ణి అలా వదిలేసి ఎలా వెళ్ళమంటారు?”

వామన్‌రావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

“నాకూ పిల్లలున్నరు. గని నన్ను అడిగెటోళ్ళు కూడా ఉన్నరు. నేనేం చెయ్యాలె? మీరే చెప్పుండ్రి.”

పాపం, అతనూ అబద్ధమాడలేదు. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. గోపాలరావు లేచి, నమస్కారం పెట్టి, బయటపడ్డాడు.

జేబులో డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది. ఆ ఇంజెక్షను రెండ్రోజుల్లో పడాలన్నాడు. గోపాలరావు ఎండలో అబిడ్స్ దాకా నడిచి మందుల షాపులన్నీ తిరిగాడు. మొదటి షాపువాడు తల అడ్డంగా ఊపాడు. రెండోవాడు చీటీ చదివే ఓపిక కూడా చూపలేదు. మూడోవాడు మంచివాడు. అరలన్నీ వెతికాడు, లోపలికెళ్ళి అట్టపెట్టెలు విప్పి చూశాడు.

“లేదు సాబ్. మద్రాసు నుంచి రావాలె. వారం పడ్తది.”

“ఇంకెక్కడైనా దొరుకుతుందా? సుల్తాన్ బజార్‌లో?”

“నాకాడ లేదంటే గాడ కూడా ఉండదు సాబ్. ఫికర్ చెయ్యకుండ్రి, దేవుడున్నడు.”

అయినా సుల్తాన్ బజార్ కూడా వెళ్ళొచ్చాడు. అక్కడా లేదు. ఎవరిని తిట్టాలో తెలియక, సైకిల్ రిక్షాల మధ్య నడిరోడ్డు మీద గోపాలరావుకు ఏడుపొచ్చింది.

ఆసుపత్రి వార్డులో కమలకుమారి కొడుకు అరికాళ్ళు రాస్తూ కూర్చుంది. భర్త చేతులు ఖాళీగా ఉండడం చూసి, తలొంచుకుని ఇంకా గట్టిగా రాయసాగింది. మంచం పక్కన నేలమీద ఒకతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏడేళ్ళుగా గోపాలరావు దగ్గర అడవి కాస్తున్న వాచరు రాజనర్సు. అప్పుడే బస్సు దిగొచ్చాడు, ఒళ్ళంతా దుమ్ము.

“నువ్వెందుకొచ్చావురా? అక్కడ గుట్ట ఎవరు చూస్తారు?”

“బాబు కండ్లు తెరిచిండా సారూ?”

జవాబు కమలకుమారి చెప్పింది. “మంగళవారం సాయంత్రం ఒక్కసారి తెరిచాడు నాయనా. ‘అమ్మా, నీళ్ళు’ అన్నాడు. మళ్ళీ అంతే.”

రాజనర్సు లేచి నిలబడి గాలికే దండం పెట్టాడు.

“మంగళారం పొద్దుమూకినంకనే! గప్పుడే అమ్మా, నేను గుట్టకు అగ్గివెట్టింది.”

గోపాలరావుకు ఆ మాట తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది.

“నువ్వా?”

“ఔ సారూ, నేనే. బిడ్డ పానం మీదికొస్తే గుట్ట మీది అవ్వకు అగ్గి మొక్కుతం. గుట్ట కాలితే బిడ్డ ఒళ్ళు సల్లవడ్తది. మా తాతల కాంచి గంతే. మీకు చెప్తే తిడ్తరని చెప్పలే.”

గోపాలరావు అతని చొక్కా పట్టుకున్నాడు. “నాతో కలిసి ఎన్ని మంటలార్పావురా! నువ్వా ఈ పని చేసింది? నిన్ను పట్టిస్తే ఉద్యోగం పోతుంది, జైల్లో వేస్తారు. తెలుసా?”

“తెలుసు. పట్టియ్యుండ్రి, పోత. గని గుట్ట సగమే కాలింది సారూ. ఆర్పుమని మీరు టెలిగ్రాం ఇస్తిరి, మనోళ్ళు ఆర్పిన్రు. తూరుపు దిక్కు అట్లనే ఉంది. నడుమ ఆగిన మొక్కు పరాయోడు తీర్చొద్దు. కన్నతండ్రి చేత్తోనే అగ్గివెట్టాలె. గది చెప్పనీకే వచ్చిన.”

ఇదంతా పిచ్చి అని గోపాలరావుకు తెలుసు. మంట ఎందుకు లేస్తుందో, ఎక్కడ లేస్తుందో అతనికన్నా తెలిసినవాడు ఆ శాఖలో లేడు. కమలకుమారి కొడుకు కాళ్ళు వదలకుండా భర్త మొహంలోకే చూస్తోంది. అతను వంగి పిల్లవాడి నుదుటిమీద చెయ్యి పెట్టాడు. కాలిపోతోంది.

రాజనర్సు చొక్కా మీది రెండో చెయ్యి మెల్లగా సడలింది.

“తూర్పు వాలున ఇప్పుడు గాలి ఎటునుంచి వీస్తోంది, రాజనర్సూ?” అన్నాడు గోపాలరావు.