నిండని ట్యాంకు

రాత్రి షెడ్డులో ఆమె ఒక్కతే ఉంది. పాత జీపు నుంచి దింపిన పెట్రోలు ట్యాంకును, తుప్పు తిని చిల్లుపడిన వైపు పైకి వచ్చేలా బల్లమీద పెట్టి, రెండు బకెట్ల నీళ్లు పోసింది. నీళ్లు నింపకుండా వెల్డింగ్ చేస్తే లోపలి పెట్రోలు ఆవిరి భగ్గుమంటుంది. పోయినేడు ఇక్కడే అన్నయ్య అలాగే కాలిపోయాడు.

“నీళ్లెందుకే పిరికిదానా? రెండు నిమిషాల పని!” అని నవ్వాడు ఆ రోజు. ఆ నవ్వు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తర్వాత ఆసుపత్రిలో తెల్లవార్లూ దాహం, దాహం అన్నాడు. డాక్టరు గుక్కెడు కూడా పట్టనివ్వలేదు. ఆ దాహంతోనే పోయాడు.

వెల్డింగ్ మొదలుపెట్టే ముందు, అలవాటుగా ట్యాంకును సుత్తితో తట్టింది. ఖంగుమంది. చిల్లులోకి లైటు వేసి చూస్తే లోపల చుక్క నీరు లేదు. బల్లా పొడిగానే ఉంది, నేలా పొడిగానే ఉంది.

ఇంకో బకెట్టు తెచ్చి పోసింది. లోపల ఎవరో గటగటా గుటకలు వేస్తున్నారు.

ఆమెకు భయం కాదు, కోపం వచ్చింది.

“ఆ రోజు నన్ను నింపనిచ్చుంటే నీ సొమ్మేం పోయేదిరా అన్నయ్యా!” అని అరిచింది.

గుటకలు ఆగాయి. కాసేపటికి లోపలినుంచి ట్యాంకును ఎవరో మెల్లగా తట్టారు.

ఆమె ఖాళీ బకెట్టు పట్టుకుని మళ్లీ కుళాయి వైపు నడిచింది.