గాజు బుడ్లు కాగేదాకా

"ఏంది తిప్పేస్వామీ, శెనక్కాయల మూట మోసినట్ల ఏందో మోసుకొచ్చినావు?" అన్నాను.

వల్లూరులో సోలార్ పలకలు తుడిచే తిప్పేస్వామి నేను కీబోర్డు వాయిస్తూ నడిపే ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. సాయంత్రం నాగలమడిక జాతరలో మా ప్రోగ్రాం ఉందనగా, ఈ గాజు ట్యూబుల ఆంప్లిఫయర్ పెట్టె పట్టుకొచ్చాడు.

"పాత ఆంపు చెవులు కోస్తాదన్నా. ఈ పొద్దు దీన్ని తీసుకుపోదాం."

స్విచ్ వేశాడు. చప్పుడు లేదు.

"సచ్చినట్ల ఉండాది కదప్పా నీ పెట్టె!"

"లోపల గాజు బుడ్లు కాగల్లన్నా. రోంతసేపు ఆగు."

"నీ బుడ్లు కాగేదాకా జాతర జనం కూకోనుంటారా? మోత లేకుంటే అది ఆర్కెస్ట్రానా?"

నా భార్య ఎల్లక్క మూలన కూర్చుని వింటోంది. పెళ్లయినప్పటి నుంచీ మా పాటగత్తె ఆమే. గొంతు చీలిపోయిందని, ఇదే నీ చివరి ప్రోగ్రామని ఆమెకు పొద్దున్నే చెప్పేశాను. ఆమె స్థానంలో పాడటానికి పావగడ పిల్లను మాట్లాడి పెట్టాను కూడా.

బుడ్లు ఎర్రబడ్డాయి. తిప్పేస్వామి తీగ మీటాడు. పెట్టె మెత్తగా, నిండుగా పలికింది. ఆ శ్రుతిలోనే ఎల్లక్క పాట ఎత్తుకుంది. అరవకుండానే పైస్థాయి అందుకుంది. గొంతు ఎక్కడా చీలలేదు.

"ఇన్నాళ్లూ ఇట్ల పాడలేదేమే?"

"ఇన్నాళ్లూ ఆ పాత ఆంపు మింద, నీ కీబోర్డు మింద అరస్తా ఉంటి. పాడేకి యాడ ఇడిస్తివి?"

ఎల్లక్క లేచి కొంగు దోపుకుంది.

"తిప్పేస్వామీ, పెట్టెను టెంపోలోకి ఎక్కించప్పా. చోటు చాలకుంటే ఈయప్ప కీబోర్డు ఈడనే ఉండనీ."